ఎల్‌కేజీ తరగతి: ముందు దినచర్య నేర్పాలా, అక్షరాలు మొదలుపెట్టాలా?

ప్రశ్న: కొత్త పలక

నమస్కారం. ఈ ఏడాదే ఎల్‌కేజీ తరగతి చేతికి వచ్చింది. ఇరవై రెండు మంది పిల్లలు, అందరూ నాలుగు దాటి ఐదు నిండనివారు. ఇంతకు ముందు మూడో తరగతికి చెప్పేదాన్ని. కనుక పాఠం చెప్పడం నాకు కొత్త కాదు, పాఠం దాకా చేరడమే కొత్తగా ఉంది.

ఉదయం తలుపు తీసింది మొదలు అందరూ ఒకచోట కూర్చునే సరికి ముప్పావు గంట పోతోంది. ఒకరు సంచి భుజాన వేసుకునే తిరుగుతారు. ఒకరు బూట్లు విప్పి పక్కవాళ్ళవి తొడుక్కుంటారు. ఇద్దరు ముగ్గురు కిటికీ పట్టుకుని ఏడుస్తారు. చేతులు కడిగించడానికి వరుసలో నిలబెడితే ఆ వరుసలోనే తోపులాట. రోజంతా నా నోట 'త్వరగా, త్వరగా' తప్ప మరో మాట రావడం లేదు.

అక్షరాల సంగతి ఇంకో రకం. అ నుంచి అః దాకా రాగం తీసి పాడేస్తారు. విడిగా 'ఉ' చూపించి ఇదేమిటి అని అడిగితే మాత్రం, మళ్ళీ అ దగ్గర మొదలుపెట్టి పాడుకుంటూ వచ్చి అక్కడ ఆగుతారు. కొందరు ఆగకుండా దాటిపోతారు కూడా. ఇంగ్లీషు అక్షరాల ధ్వనులు కూడా ఈ ఏడాదే మొదలుపెట్టమంటున్నారు.

దినచర్య కుదిరే దాకా అక్షరాలు ఆపాలా? ఏ అక్షరంతో మొదలుపెట్టాలి? రాయించడం ఎప్పుడు? చిన్న తరగతులు చూసినవారు ఎవరైనా చెప్పగలరా?

జవాబు: పాత బడి

'పాఠం దాకా చేరడమే కొత్త' అన్నారు చూడండి, ఈ వయసుకు ఆ చేరడమే పాఠం. సంచి తగిలించడం, చేతులు కడుక్కోవడం, తన వంతు వచ్చే దాకా ఆగడం, వీటన్నిటినీ మనం అసలు పని మొదలయ్యేలోగా తప్పుకోవలసిన అడ్డంకులనుకుంటాం. అక్షరాన్ని ఎంత ఓపికగా నేర్పుతామో వీటినీ అంతే ఓపికగా, ముక్కలు చేసి, మళ్ళీ మళ్ళీ చేయించి నేర్పాలి. నా మాట వింటే మొదటి మూడు నాలుగు వారాలు బోర్డు మీద ఒక్క అక్షరమూ రాయకండి. పైవాళ్ళు అడిగితే నా పేరు చెప్పండి. వాళ్ళకు నేనెవరో తెలియదు కనుక ఎవరికీ ఇబ్బంది లేదు.

దినచర్య అనగానే గోడకు గంటలూ నిమిషాలూ రాసి అంటించేవారిని చాలామందిని చూశాను. అది పెద్దల కోసం. నాలుగేళ్ళ వాళ్ళకు పదిన్నర అంటే ఏమీ కాదు, 'ఇంకో ఐదు నిమిషాలు' అన్నా ఏమీ కాదు. ఏది అయ్యాక ఏది వస్తుందన్నది మాత్రం వాళ్ళకు బాగా పట్టుబడుతుంది. ఐదారు బొమ్మల అట్టలు చేయండి: రావడం, ఆట, కలిసి కూర్చోవడం, తినడం, కథ, ఇంటికి వెళ్ళడం. కొన్న బొమ్మల కంటే మీ పిల్లలనే ఫోటోలు తీసి అంటిస్తే మేలు, ఎందుకంటే అవి వాళ్ళే గనుక. మీ కళ్ళ ఎత్తున కాకుండా వాళ్ళ కళ్ళ ఎత్తున, ఎడమ నుంచి కుడికి ఒక వరుసలో పెట్టండి. ఒక పని ముగియగానే ఒకరు వెళ్ళి ఆ అట్టను తిప్పేయాలి. ఆ వరుసను రోజూ చూసే కళ్ళు, చదవడం ఎటు నుంచి ఎటు సాగుతుందో ఎవరూ చెప్పకుండానే నేర్చుకుంటాయి. ఇది మీకు ఉచితంగా దొరికే లాభం.

కిటికీ దగ్గర ఏడ్చే ఆ ఇద్దరు ముగ్గురికి కూడా ఈ వరుస పనికొస్తుంది. 'అమ్మ త్వరగా వస్తుంది' అని చెప్పకండి. 'త్వరగా' అంటే ఎంతో వాళ్ళకు తెలియదు. చివరి అట్ట మీద వేలు పెట్టించి, 'ఇది అయ్యాక అమ్మ వస్తుంది' అనండి. తల్లిదండ్రులకు కూడా ఒక మాట గట్టిగా చెప్పాలి: బిడ్డ కన్ను కప్పి జారుకోవద్దు. చెయ్యి ఊపి, ఒక్క మాట చెప్పి, వెంటనే వెళ్ళిపోవాలి. గుమ్మం దగ్గర పది నిమిషాలు నిలబడి బుజ్జగించేవారి పిల్లలే ఎక్కువసేపు ఏడుస్తారు.

ఇక సంచి సంగతి. 'సంచి పెట్టి కూర్చో' అన్నది మనకు ఒక మాట, వాళ్ళకు నాలుగు పనులు. బూట్లు విప్పాలి, తన కొక్కెం వెతకాలి, సంచి తగిలించాలి, చాప మీదికి రావాలి. ఒక్కొక్కటీ మీరు మాటలు లేకుండా చేసి చూపండి. తర్వాత ఒక బిడ్డ చేసి చూపాలి. తర్వాత అందరూ. ఎవరైనా మధ్యలో వదిలేస్తే తిట్టు వద్దు, ఉపన్యాసం వద్దు, గుమ్మం దాకా తీసుకెళ్ళి మళ్ళీ మొదటి నుంచి చేయించండి. పరుగెత్తవద్దు అనే బదులు నడవండి అనండి. వద్దన్నది వినిపిస్తుంది కానీ దాని బదులు ఏం చేయాలో ఆ వయసు వాళ్ళకు తట్టదు.

మీ వరుసలో తోపులాటకు కారణం పిల్లలు కాదు, వరుసే. ఇరవై రెండు మందిని ఖాళీ చేతులతో నిలబెడితే పెద్దవాళ్ళైనా కొట్టుకుంటారు. నలుగురు నలుగురిని పంపండి. సబ్బుతో ఇరవై సెకన్లు రుద్దుకోవాలని ఆరోగ్య శాఖలు చెబుతాయి కదా, అంతసేపు సాగే చిన్న పాట ఒకటి కట్టండి. పాట ముగిస్తే కడగడం ముగుస్తుంది, మీరు గడియారం చూడనక్కరలేదు. బొమ్మలు సర్దడానికి ఇంకో పాట. ఏ పాట ఏ పనికో మార్చకండి, మీకు ఎంత విసుగు పుట్టినా సరే. విసుగు మీది, వాళ్ళది కాదు.

చాప మీద మిగిలిన పద్దెనిమిది మంది ఏం చేస్తారని అడుగుతారు. అక్కడే అక్షరాల పని మొదలవుతుంది, అక్షరం కనిపించకుండా. కంటి కంటే ముందు చెవి సిద్ధం కావాలి. పేర్లు పలుకుతూ చప్పట్లు కొట్టించండి, ఎవరి పేరుకు ఎన్ని చప్పట్లు? 'పేరు మ తో మొదలయ్యేవాళ్ళు లేచి రండి', 'ర తో మొదలయ్యేవాళ్ళు మెల్లగా రండి' అంటూ చేతులు కడగడానికి పిలవండి. ఏ బిడ్డకైనా తన పేరులోని మొదటి అక్షరమే అన్నిటి కంటే ముందు వస్తుంది, దాని మీద మమకారం అలాంటిది. ఒక్కో పిలుపుకు నాలుగు క్షణాలు పడుతుంది, రోజుకు ఇలాంటి సందులు ఎన్నో దొరుకుతాయి. విడిగా అక్షరాల పీరియడు పెట్టి అరగంట కూర్చోబెట్టినా ఇంత అభ్యాసం జరగదు.

చప్పట్లతోనే ఎందుకు మొదలుపెట్టమంటున్నానంటే, 1974లో అమెరికా మనస్తత్వవేత్త ఇసబెల్ లీబర్మన్, ఆమె సహచరులు ఇంగ్లీషు మాట్లాడే పిల్లల మీద ఒక పరీక్ష చేశారు. మాటలోని ముక్కలను బల్ల మీద తట్టి చూపమన్నారు. నాలుగేళ్ళ వాళ్ళలో దాదాపు సగం మంది పలుకు ముక్కలను ('పలక'లో ప, ల, క లాంటివి) సరిగా తట్టారు. ఒక్కో విడి ధ్వనిని ('ప'లో ప్, అ లాంటివి) తట్టమంటే ఒక్కరికీ రాలేదు. ఐదేళ్ళకు పలుకులు వచ్చినవారు 48 శాతం, విడి ధ్వనులు వచ్చినవారు 17 శాతం. ఆరేళ్ళకు గానీ విడి ధ్వనులు 70 శాతం మందికి అందలేదు. మన లిపికి ఇక్కడ ఒక అదృష్టం ఉంది. 'పలక' అని చప్పట్లు కొడితే మూడు, రాస్తే మూడు అక్షరాలు. చెవికి దొరికిన ముక్కే కంటికీ దొరుకుతుంది. అయితే 'అమ్మ' దగ్గర ఇది చెడుతుంది: చెవికి అమ్, మ అని తెగుతుంది, రాతలో అ, మ్మ అని తెగుతుంది. అందుకే వత్తులున్న మాటలు పాటలకూ కథలకూ సరే, చదివించడానికి ఈ ఏడాది వద్దు.

ఏ అక్షరంతో మొదలుపెట్టాలి? అ ఆ ఇ ఈ లతో మాత్రం వద్దు. వర్ణమాల వరుస ఎంతో అందమైనది, శాస్త్రీయమైనది, నిఘంటువు వెతికేవాడికి ప్రాణం. నాలుగేళ్ళ బిడ్డకు దానితో పని లేదు. పదహారు అచ్చులు పూర్తి చేసినా ఆ బిడ్డ చదవగలిగే మాట ఒకటో రెండో, దానికి బదులు త, ల, క, ప, న అయిదూ చెప్పి చూడండి. తల, కల, పలక, కలప, నలక. రెండు మూడు వారాల్లో చదవడం అంటే ఏమిటో రుచి తెలుస్తుంది. ప వచ్చిన దగ్గరలో వ రానీయకండి, మ, య కూడా దూరంగా ఉంచండి. బ కు భ, ద కు ధ థ ఒకేసారి అసలే వద్దు. ఒకదానితో ఒకటి పోలిన వాటిని పక్కపక్కన పెట్టి 'తేడా గమనించండి' అనడం పెద్దల సరదా, పిల్లలకు అది గందరగోళం. మొదటిది గట్టిపడ్డాక రెండోది తేవాలి. ణ, ళ లతో మాటలు మొదలు కావు, వాటికి మొదటి అక్షరం ఆట పనికిరాదు. వీణలో, బాణంలో, గోళీలో వినిపించేది ఏమిటని చివరి నుంచో మధ్య నుంచో పట్టుకోవాలి. ఋ, ఙ, ఞ ల గురించి ఈ తరగతిలో బెంగ పెట్టుకోనక్కరలేదు.

అక్షరం పరిచయం చేయడానికి నేను వాడేది ఫ్రెంచి వైద్యుడు సెగ్విన్ పద్ధతి. మరియా మాంటిస్సోరి 1907లో రోమ్‌లో తెరిచిన పిల్లల బడి ద్వారా అది లోకమంతా పాకింది. మూడు మెట్లు. 'ఇది త, ఇది ల' అని మీరు చెప్పాలి. తర్వాత 'త ఏది? ల నా చేతికి ఇవ్వు' అని అడగాలి. చివరగా, వేలు పెట్టి చూపి, 'ఇది ఏమిటి?' అనాలి. మనలో చాలామంది రెండో మెట్టు ఎగరేసి మొదటి దాని నుంచి మూడో దానికి దూకుతాం. మీ 'ఉ' కష్టానికి కారణం అదేనని నా అనుమానం. రెండో మెట్టు మీదే ఎక్కువ రోజులు ఉండాలి, అందులో బిడ్డ నోరు తెరవకుండానే తెలిసినట్టు చూపగలదు. తప్పు చెబితే దిద్దకుండా మొదటి మెట్టుకు దిగిపోండి.

రాయించడం గురించి నా అభిప్రాయం కటువుగా ఉంటుంది, ముందే చెబుతున్నాను. నాలుగేళ్ళ వాళ్ళ చేత కాపీ పుస్తకంలో పేజీలు నింపించడం చేతికీ మంచిది కాదు, మనసుకూ కాదు. గరుకు కాగితంతో కత్తిరించిన అక్షరం మీద వేలు తిప్పించండి. ఇసుక పళ్ళెంలో, గాలిలో భుజం కదిలేలా రాయించండి. మన అక్షరాలన్నీ గుండ్రనివి, ఎక్కడ మొదలుపెట్టి ఎటు తిరగాలో ముందు వేలికి తెలియాలి. తప్పు వైపు తిరగడం అలవాటైన చెయ్యి పెన్సిలు పట్టాక దారికి రావడం చాలా కష్టం.

జవాబు: ఇద్దరి నాన్న

టీచరుగారి మాటలు చాలావరకు ఒప్పుకుంటాను, ఒక్క వర్ణమాల దగ్గర తప్ప. మా పెద్దదానికి ఆ పాట అంటే ఎంతో ఇష్టం. స్నానం చేస్తూ, జడ వేయించుకుంటూ పాడుతుంది. ఆ వరుస పెద్దల నుంచి పిల్లలకు నోటి నుంచి నోటికి వచ్చింది. ఇప్పుడు శాస్త్రం పేరు చెప్పి వద్దంటే ఎలా? పైగా హ్రస్వం పక్కన దీర్ఘం ఉండడం వల్ల అ ఆ, ఇ ఈ తేడా చెవికి పడుతుంది కదా. త, ల, క అని మొదలుపెడితే ఆ జోడీలు ఎప్పుడు వస్తాయి?

ఇంకొకటి, ఇంట్లో మేమేం చేయాలో కూడా చెప్పండి. బడిలో అట్టలు, పాటలు ఉంటాయి. ఇంటికి వచ్చేసరికి నిద్ర వేళ దాకా మళ్ళీ మొదటికే వస్తుంది.

జవాబు: నోరు-చెవి

పిల్లల ఉచ్చారణ మీద పని చేసేదాన్ని, అందుకని నా వైపు నుంచి రెండు మాటలు.

అక్షరం తెలియకపోవడం వేరు, నోరు తిరగకపోవడం వేరు. నాలుగేళ్ళకు ర పలకలేని పిల్లలు చాలామందే ఉంటారు. ల అనో య అనో అంటారు. ళ, ణ కూడా ఆలస్యంగా వస్తాయి. అలాంటి బిడ్డ ర అట్ట చూసి 'ల' అంటే తప్పు అనకండి. ర, ల అట్టలు రెండూ ముందు పెట్టి 'ర ఏది?' అని అడగండి. సరైనది తీస్తే ఆ బిడ్డకు అక్షరం వచ్చినట్టే. పెదవులతో పలికే ప, బ, మ ముందు వస్తాయి, అద్దం ముందు పెట్టి పలికిస్తే ఎలా పుడుతున్నాయో కంటికే కనిపిస్తుంది. వెనక నుంచి పిలిస్తే తిరగని బిడ్డ, ప్రతి పనికీ పక్కవాళ్ళను చూసి చేసే బిడ్డ మీ తరగతిలో ఉంటే అల్లరి అనుకునే ముందు చెవి పరీక్ష చేయించమనండి. జలుబు చేసి చెవిలో నీరు చేరినా వినికిడి తగ్గి అలాగే ఉంటారు.

ఇంగ్లీషు ధ్వనుల దగ్గర తెలుగువాళ్ళకు ఒక చిక్కు ఉంది. మన నాలుక హల్లును ఒంటరిగా వదలదు, వెనకాల ఒక ఉ చేరుస్తుంది. 'కు, ఆ, టు' అని విడగొట్టి చెప్పి కలపమంటే ఏ బిడ్డకైనా క్యాట్ ఎలా వస్తుంది? స్స్స్, మ్మ్మ్, న్న్న్, ఫ్ఫ్ఫ్ లాగా సాగదీయగలిగే వాటితో మొదలుపెట్టండి, వాటి వెనక ఉ దూరడానికి తావుండదు. క్, ట్, ప్ లను పొట్టిగా, గుసగుసగా పలకండి. ఎస్, ఎ, టి, పి, ఐ, ఎన్ ఆరింటితో మొదలుపెట్టడం చాలాచోట్ల అలవాటు. పిన్, టిన్, ట్యాప్, ప్యాంట్ అన్నీ వాటిలోనే దొరుకుతాయి. అక్షరం పేరు తర్వాత చెప్పినా నష్టం లేదు. మనం హెచ్ అనేదాన్ని ఇంగ్లీషువాళ్ళు 'ఎయిచ్' అంటారు, ఆ పేరులో ఆ ధ్వని లేదు, డబ్ల్యూ పేరు వినిపించే తీరే వేరు. తెలుగు అక్షరం పేరూ ధ్వనీ ఒకటే కనుక ముందు తెలుగుతో ఆ సంబంధం అర్థం చేయించి, కొన్ని నెలల తర్వాత ఇంగ్లీషుకు వెళితే బాగుంటుందని నా అభిప్రాయం. రెండూ ఒకే వారం మొదలుపెట్టవద్దు.

ఇంకో సంగతి, 2000లో అమెరికాలో వెలువడిన నేషనల్ రీడింగ్ ప్యానెల్ (చదవడం నేర్పే పద్ధతులను పరిశీలించిన నిపుణుల సంఘం) నివేదిక ధ్వని ఆటల గురించి ఒక పనికొచ్చే మాట చెప్పింది. రకరకాల ఆటలు కలగాపులగం చేయడం కంటే ఒకటి రెండు నైపుణ్యాల మీద నిలబడితే ఫలితం ఎక్కువ. అక్షరంతో జోడిస్తే ఇంకా ఎక్కువ. కాబట్టి వారానికో కొత్త ఆట వెతకకండి.

కొత్త పలక

ఎంత వివరంగా రాశారు, ధన్యవాదాలు. అట్టల ఫోటోలు ఈ రోజే తీశాను. ఒక పిల్లాడు తన ఫోటో ఉన్న అట్ట పక్క నుంచి కదలడం లేదు, అది వేరే సంగతి.

ఇంకా రెండు చిక్కులు మిగిలాయి. కాపీ పుస్తకం ఖాళీగా ఇంటికి వెళితే తల్లిదండ్రులు ఊరుకోరు. 'ఇన్ని రోజులు ఏం నేర్పారు?' అని అడుగుతారు. రెండోది, ఒక బాబు ఏ పాటకూ ఏ అట్టకూ కదలడు. అందరూ లేచినా తాను బ్లాకులు పేర్చుకుంటూనే ఉంటాడు. తీసేస్తే నేల మీద పడి ఏడుస్తాడు.

జవాబు: పాత బడి

ముందు నాన్నగారికి. పాటను ఎవరు ఆపమన్నారు? హాయిగా పాడించండి. పాడడాన్ని చదవడం అనుకోవద్దని మాత్రమే అంటున్నాను. సందేహం ఉంటే 'ఎ తర్వాత ఏమిటి' అని కాకుండా, పత్రిక శీర్షికలో ఎ చూపించి అడగండి, ఎక్కడున్నదీ తెలిసిపోతుంది. హ్రస్వ దీర్ఘాల మాట మీరు సరిగ్గానే పట్టుకున్నారు, అది మన భాషకు గుండెకాయ. దానికీ వర్ణమాల వరుస అవసరం లేదు. పడు, పాడు. విడు, వీడు. పొట్టి మాటకు ఒక చిన్న గెంతు, పొడుగు మాటకు చేతులు చాచి ఒక పెద్ద అడుగు. పడు అంటే కూలబడడం, పాడు అంటే పాట అందుకోవడం. ఇది అక్షరం రాకముందే ఆడించవచ్చు. త, ల, క, ప, న వచ్చాక దీర్ఘం గుర్తు ఒక్కటి చూపితే తాత, పాప, నానా వాళ్ళంతట వాళ్ళే చదువుతారు.

ఇంట్లో పెద్ద ఏర్పాట్లు వద్దు. నిద్రకు ముందు మూడు పనులు, రోజూ అదే వరుసలో: పళ్ళు తోముకోవడం, దుస్తులు మార్చుకోవడం, కథ. కథ చివర ఉండడం ముఖ్యం, ఎందుకంటే ముందరి రెంటినీ లాక్కొచ్చేది అదే. కథ పుస్తకంలో బిడ్డ పేరులోని మొదటి అక్షరం ఎక్కడైనా కనిపిస్తే వేలు పెట్టించండి, అంతే. పడక మీద పరీక్షలు పెట్టకండి.

కొత్త పలక గారూ, కాపీ పుస్తకానికి మారుగా ఇంటికి పంపడానికి ఏదో ఒకటి ఉండాలి, తల్లిదండ్రుల ఆత్రుత అబద్ధం కాదు. వారానికి ఒక చిన్న చీటీ పంపండి: 'ఈ వారం మీ పాప తన సంచి తానే తగిలించింది. మ తో మొదలయ్యే మాటలు నాలుగు చెప్పింది. ఇంట్లో క తో మొదలయ్యే వస్తువులు వెతకమనండి.' రెండో వారానికి వాళ్ళు పుస్తకం మాట మరిచి వస్తువులు వెతుకుతుంటారు. అయినా అడిగేవారుంటే ఉదయం ఒక్క అరగంట తరగతిలో కూర్చోబెట్టండి. మీరేమీ వాదించనక్కరలేదు.

ఆ బాబు సంగతి. ముందు పైన చెప్పిన చెవి పరీక్ష. అది సరిగా ఉంటే, ఆరు అట్టల వరుస వాడికి ఎక్కువైందేమో చూడండి. వాడి కోసం రెండే అట్టలు, ముందు ఇది, తర్వాత ఇది, చేతికి అందేలా చిన్నవి చేయండి. పాట మొదలయ్యే ముందే వెళ్ళి పక్కన కూర్చుని 'ఇంకా మూడు బ్లాకులు పెట్టు, తర్వాత చాప' అనండి. నిమిషాలు అర్థం కాని వాడికి మూడు బ్లాకులు అర్థమవుతాయి. కట్టిన దాన్ని కూలగొట్టకుండా 'రేపటికి' అని ఒక అట్ట ఆనించి ఉంచేయండి. సగం ఏడుపు అది పోతుందన్న భయమే. వాడికి నచ్చే పని ఏదైనా, అట్ట తిప్పడమో గంట కొట్టడమో, మార్పు జరిగే క్షణంలో వాడి చేతిలో ఉంచండి. నెల గడిచినా, మాట్లాడడంలోనూ తోటివారితో ఆడడంలోనూ వెనకబడే ఉన్నాడనిపిస్తే తల్లిదండ్రులతో మెల్లగా మాట్లాడి పిల్లల వైద్యులకు చూపించమనండి. పేరు పెట్టడం మన పని కాదు.

ఇంకొకటి రాయడం మరిచాను. దినచర్య మారే రోజులు వస్తాయి, ఆట స్థలం తడిసిపోతుంది, కథ చెప్పే టీచరు రారు. ఆ రోజు ఉదయమే, అందరూ చాప మీద కూర్చున్నాక, వాళ్ళు చూస్తుండగా పాత అట్ట తీసి దాని చోట వేరే రంగు అంచున్న అట్ట పెట్టండి. పాత అట్ట ఎక్కడ దాచారో కూడా చూపించండి. లేకపోతే రోజంతా ఎవరో ఒకరు దాని గురించి అడుగుతూనే ఉంటారు.